నోటితో చెప్పిన ధర

పెడన నుంచి బెజవాడ వచ్చినప్పుడు మార్కండేయులు దగ్గర పెట్టుబడి అంటూ ఉన్నది కుడిచెయ్యి ఒక్కటే. మగ్గం ఇంట పుట్టిన చెయ్యి. నూలుపోగు వేళ్ల మధ్య ఆడిస్తే ఎంత సన్నందో చెప్పేది. చీర అంచు చీకట్లో తడిమితే ఏ వీధి నేతో చెప్పేది. డబ్బు లేని సాలెవాడు మగ్గం గుంటలోనైనా కూర్చోవాలి, దలారీ అయినా కావాలి. గుంటలో కూర్చుని తండ్రి కళ్లు పోగొట్టుకోవడం చూసినవాడు కనుక మార్కండేయులు దలారీ అయ్యాడు.

ఆ రోజుల్లో బట్టల బజారులో టోకు బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మించేవాడూ ఎదురెదురుగా కూర్చుని, కలిపిన చేతుల మీద కండువా కప్పుకునేవారు. కొనేవాడు ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. ఒప్పుకుంటే అరచెయ్యి నొక్కాలి, కాకపోతే వేళ్లు విదిలించాలి. పైన మాత్రం వానల సంగతీ, కాలవ నీళ్ల సంగతీ మాట్లాడుకుంటూ ఉండాలి. చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలియకూడదు. తెలిస్తే మర్నాడు ఇంకొకడు వచ్చి అందులో సగం వేలు తగ్గించమంటాడు. ఒకసారి అరచెయ్యి నొక్కాక కృష్ణ వెనక్కి పారినా బేరం వెనక్కి పోదు. ధర పైకి అరిచి అమ్మడం కూరగాయల వాళ్ల పని. ఆ బజారులో గొంతెత్తి అంకె పలికినవాణ్ణి మనిషిగా చూసేవారు కాదు.

ఆ కండువా కింద మార్కండేయులు చెయ్యి ముప్పై ఏళ్లు రాజ్యం చేసింది. పెడన నేతగాళ్లు తమ చీరల మూటలు అతని ముందు పెట్టి నిశ్చింతగా చుట్ట కాల్చుకునేవారు. పిల్లలు లేరు. చెల్లెలి కొడుకు మల్లేశ్వరరావును పెంచి, చదివించి, పెళ్లి చేసి, దుకాణంలో కూర్చోబెట్టాడు. ఎవరైనా వయసు సంగతి ఎత్తితే, "బేరం చేసినన్నాళ్లే మనిషి. ఆ తర్వాత ఉండేదంతా మోసేవాళ్ల కోసం ఎదురుచూపు" అనేవాడు. అన్నవాడికి అది సామెతలా ఉండేది. దాని బరువు తర్వాత తెలిసింది.

యుద్ధం వచ్చింది, నూలుకు కంట్రోలు వచ్చింది, ఆ వెనకే మార్కండేయులు ఒంట్లోకి మధుమేహం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఒంటి చెప్పుతో ఇంటికి చేరాడు.

"రెండోది ఎవరికి దానం చేశారు?" అంది భార్య వెంకటరావమ్మ.

అతను కిందికి చూసుకున్నాడు. చెప్పు ఎక్కడ జారిపోయిందో కాలికి తెలియనే లేదు. తర్వాత కుడిచేతి చిటికెన వేలూ, దాని పక్క వేలూ మొద్దుబారాయి. సూది గుచ్చినా కబురు పైకి వచ్చేది కాదు. ముల్లు విరిగిన తక్కెడను ఎవడు నమ్ముతాడు? అందుకని ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాడి భుజం ఎంత కదిలింది, కన్ను ఎటు పోయింది అని చూసి, ఎన్ని వేళ్లు పట్టాడో ఊహించుకునేవాడు. ఆ గుడ్డి లెక్క కొన్నాళ్లు సరిపోయింది. సరిపోవడమే కొంప ముంచింది.

మాఘమాసం పెళ్లిళ్లకు ముందు గుడివాడ షావుకారు జక్కయ్య సరుక్కి వచ్చాడు. పెడన నేతగాళ్ల తరఫున వాళ్ల పెద్ద అంకమ్మరావు చీరల మూటలు దింపి పక్కనే కూర్చున్నాడు. కండువా పరుచుకుంది.

"కోతలు అయ్యాయా జక్కయ్యా?"

"అయినయ్యన్నా. గింజ బాగానే పండింది. కొనేవాడి ఒంటి మీదే గుడ్డ లేదు."

"అందుకేగా నా దగ్గరకొచ్చావు."

కింద వేళ్లు మాట్లాడుతున్నాయి. జక్కయ్య పట్టు బిగించాడు. చూపుడువేలూ, నడిమివేలూ తెలిశాయి. అవతల ఏదో లాగినట్టుంది. ఆ లాగడం ఒక వేలిదా రెండు వేళ్లదా అన్నది మార్కండేయులు చెయ్యి చెప్పలేదు. జక్కయ్య మొహం చూశాడు. బేరానికి గట్టిగానే దిగినట్టు కనిపించాడు. నాలుగు అనుకున్నాడు. అరచెయ్యి నొక్కాడు. అంకమ్మరావు వైపు తిరిగి, అదే కండువా కింద అతని వేళ్లు నాలుగు పట్టి చెప్పాడు. అంకమ్మరావు మొహం విచ్చుకుంది.

పైకం చేతులు మారేటప్పుడు గొడవ బయటపడింది. మార్కండేయులు అలవాటుగా దబ్బనం తీసుకుని మూటల మూతులు కుడుతున్నాడు.

"అయ్యా, జతకి ఒక వేలు తక్కువ పడిందండి" అన్నాడు అంకమ్మరావు.

"తక్కువేంటి? నేను పట్టింది మూడే. మీ దలారీ గారిని అడుగు" అన్నాడు జక్కయ్య.

బజారు చూపులన్నీ ఇటు తిరిగాయి. మార్కండేయులుకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది, తప్పు ఎక్కడుందో. తెలిసి కూడా, "నాలుగు పట్టావు జక్కయ్యా. ముప్పై ఏళ్ల చెయ్యి ఇది. దీనికి తెలీదా?" అన్నాడు.

జక్కయ్య మొహం ఎర్రబడింది. అబద్ధాలకోరని బజారులో అనిపించుకున్నవాడు కాదు. ఏదో అనబోయాడు. అతని చూపు కిందికి దిగి అక్కడే ఆగిపోయింది.

"అన్నా, ముందు ఆ చెయ్యి చూసుకో."

దబ్బనం మార్కండేయులు చిటికెన వేల్లోంచి ఇటు దిగి అటు తేలింది. గోనె మీద నెత్తురు పరుచుకుంటోంది. అతను అదే చేత్తో ఇంకా దారం లాగుతున్నాడు.

ఎవరూ నవ్వలేదు. జక్కయ్య నవ్వినా బాగుండేది. అతను తన కండువా అంచు చించి వేలికి కట్టు కట్టాడు. ఆ కట్టే అన్నిటికంటే పెద్ద తిట్టు.

తేడా మార్కండేయులు తన ఇంట్లోంచి తెచ్చి ఇచ్చాడు. అంకమ్మరావు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. అద్దుకుని, నేల చూపులు చూస్తూ, "మీరు ధర్మమే చేశారండి. ఇంకెవరైనా అయితే ఎగ్గొట్టేవారు. కాని ఇక మీదట మా గుడ్డకి మల్లేశ్వరరావు బాబు గారి చెయ్యి పెట్టించండి. పిల్లలున్నవాళ్లం" అన్నాడు.

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తాను అతని స్థానంలో ఉంటే ఆ మాట ఇంకా ముందే అనేవాణ్ణని మార్కండేయులు అనుకున్నాడు.

ఇంటికి పోయి పడుకున్నాడు. పచ్చడిలో ఉప్పెక్కువంటాడు, మజ్జిగ పులిసిందంటాడు, వెలుగు కళ్లలో పడుతోందంటాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు వాకిట్లోంచే వెళ్లిపోవడం మొదలుపెట్టారు. కళ్లు పోయాక అతని తండ్రి కూడా ఇట్లాగే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పోయేదాకా ఇటు తిరగలేదు. తల్లి అన్నం కలిపి పెట్టి, కసుర్లు తిని, పెరట్లో కూర్చుని ఏడ్చేది. ఆ ఏడుపు విని పెరిగినవాడే మార్కండేయులు. అయినా ఆ పడక తనకు ఎంత సుఖంగా అమరిందో చూసుకుంటే అతనికే భయం వేసింది.

వెంకటరావమ్మ కొన్నాళ్లు ఊరుకుంది. ఒక పొద్దున గిన్నె ఠక్కున కింద పెట్టి, "మీ నాన్నగారు గోడవైపు తిరిగి పడుకున్నారంటే ఆయనకు గోడ ఉంది. మనకున్నది తడిక. అటు తిరిగితే పక్కింటి సుబ్బరత్నం కనిపిస్తుంది. ఆవిడ ఒకటే గోల, మీ ఆయన పొద్దస్తమానం నన్నే చూస్తున్నాడని" అంది.

"నా బతుకు నీకు ఎగతాళిగా ఉందా?"

"లేదు. నా బతుకు గురించి చెప్తున్నా. మీ అమ్మలాగా పెరట్లో కూర్చుని ఏడవడం నాకు చాతకాదు. ముందే చెప్తున్నా."

అతను లేచి దుకాణానికి వెళ్లాడు. మల్లేశ్వరరావు మర్యాదగానే లేచి నిలబడ్డాడు. "రా మావయ్యా. గల్లాపెట్టె దగ్గర కూర్చో, ఊరికే" అన్నాడు. ఆ 'ఊరికే' ముల్లులా దిగింది. కాసేపటికి బేరగాడు వచ్చాడు. మేనల్లుడు కండువా కప్పాడు. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. అరచెయ్యి నొక్కడం అయింది. ఎంతకు తెగిందో మేనల్లుడు చెప్పలేదు, మార్కండేయులు అడగలేదు. దలారీల మర్యాద అది. ధర తెలియకూడని పరాయివాళ్లలో తానూ ఒకడినయ్యానని ఆ పూట అర్థమైంది.

దుకాణం వెనక గదిలో తెగిన ముక్కలు కుప్పగా పడి ఉండేవి. నేత తప్పు పోయినవీ, అంచు చిరిగినవీ, కొలత చాలనివీ. కంట్రోలు రోజులు కావడంతో జనానికి ఆ ముక్కలూ దొరకడం లేదు. మార్కండేయులు రవికకు సరిపోయేవి ఏరి మూట కట్టాడు. బందరు కాలవ లాకుల దగ్గర పడవల రేవుకు వెళ్లి, తన్ను తెలిసినవాళ్లెవరూ రారని నమ్మకం కలిగిన మూల చూసుకుని, గోనె పరిచి కూర్చున్నాడు.

కూర్చున్నాడు గాని నోరు పెగల్లేదు. పక్కనున్నవాళ్లు అరుస్తున్నారు: తమలపాకులని, మట్టిముంతలని, బెల్లమని. అంకె గొంతుదాకా వచ్చి అక్కడే అడ్డం పడుతోంది. పడవలు వచ్చాయి, పోయాయి. జనం ముక్కలు తిప్పి చూశారు, ధర చెప్పనివాడి దగ్గర నిలబడడమెందుకని పోయారు.

ఎండ ఎక్కాక కూరగాయల గంప దించుకుని దానమ్మ అనే ఆవిడ వచ్చింది. నల్లంచు ముక్క ఒకటి తీసి భుజానికి ఆనించి చూసుకుంది.

"ఎంత తాతా?"

తాత! బజారులో అతను 'అన్నగారు', 'మార్కండేయులు గారు'. కొత్త పేరు చెవిలో పడి దిమ్మెక్కిపోయాడు. ఆ దిమ్ములో ఒళ్లు తనకు తెలిసిన పని తాను చేసుకుపోయింది. భుజం మీది కండువా తీశాడు, చేతిమీద కప్పాడు, ఆ కప్పు కింద దానమ్మ వేళ్లు పట్టుకున్నాడు.

"ఓరి నీ పాడె గట్ట!" దానమ్మ కేక కాలవ అవతలికి వినిపించింది. "చూడండర్రా ముసిలోణ్ణి! గుడ్డ కప్పి మరీ చెయ్యి పట్టుకుంటన్నాడు!"

పడవల మీదనుంచి ఇద్దరు దూకారు. ఒకడు జుబ్బా మెడ దగ్గర పట్టి లేపాడు. చుట్టూ జనం. మట్టిముంతలు అమ్మే ఆవిడ ముంత ఎత్తింది.

వ్యాపారస్తుడి బుర్ర ప్రాణం మీదికొచ్చినా లెక్క మానదు. నేను ఫలానా అని చెప్పుకుంటే వీళ్లు నమ్మరు, నమ్మితే మరీ అప్రతిష్ఠ. మూట కట్టుకుని పోతే వెళ్లేది తడికవైపుకే, ఇక ఈసారి లేవడం ఉండదు. గొంతులోంచి ఏదో పొంగుకొస్తోంది. ఏడుపో నవ్వో అతనికే తెలియలేదు. రెండూ ఒకే మూటలోవి, ఏది విప్పాలన్నదొక్కటే అమ్మేవాడి చేతిలో ఉన్న పని. ఏడుపు విప్పితే జాలిపడి వదిలేస్తారు. జాలిపడ్డవాడు సరుకు కొనడు.

మార్కండేయులు నవ్వాడు. మొదట అది నవ్వులా లేదు, దగ్గులా ఉంది.

"తప్పైపోయిందమ్మా. మా బజారులో ధర ఇట్లాగే చెప్తారు, గుడ్డ కింద వేళ్లు పట్టి. పుట్టి బుద్ధెరిగాక మగాళ్ల చేతులు పట్టుకునే బతికాను. ఆడమనిషికి ధరెట్లా చెప్పాలో నాకు రాదు."

మెడ పట్టుకున్న పడవవాడు కిసుక్కున నవ్వాడు. "అట్టయితే నా చెయ్యి పట్టుకో తాతా, నేనే కొంటా!"

"నీ చేతి మురిక్కి నా గుడ్డ చాలదురా."

జనం గొల్లుమన్నారు. దానమ్మ మాత్రం చెంగు బిగించి నిలబడింది. "దేవుడు నోరిచ్చాడుగా. నోటితో చెప్పి చావు."

మార్కండేయులు కళ్లు మూసుకున్నాడు. "ఆరణాలు!" అన్నాడు. ముప్పై ఏళ్లుగా కండువా కింద దాచిన మాట కాలవగట్టున పది మందిలో పడింది. ఆకాశం విరిగి పడలేదు.

"ఆరా? ఈ పీలికకా? నాలుగిస్తా."

"నాలుక్కి నేత కూలి కూడా రాదు."

"రాకపోతే నువ్వే తొడుక్కో."

"నాకు బిగుతు."

"ఐదు. చెయ్యి పట్టుకున్నందుకు ఒకటి తగ్గించాలి."

"ఐదూ, గుప్పెడు పచ్చిమిరపకాయలూ. మెడ పట్టించినందుకు."

బేరం తెగింది. ఆ పూట ఇంకా కొన్ని ముక్కలు పోయాయి. సగం మంది గుడ్డ కోసం వచ్చారు, సగం మంది ఈ వింత మనిషిని చూడడానికి వచ్చారు. గుడ్డ మాత్రం రెండు రకాలవాళ్లూ కొన్నారు.

అతనికంటే ముందే కబురు ఇల్లు చేరింది, సుబ్బరత్నం ద్వారా. వెంకటరావమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నన్ను చేసుకుని ముప్పై ఏళ్లయింది. ఒక్కనాడు కండువా కింద నా చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు. రేవులో ఎవరో దానమ్మ చెయ్యి పట్టుకున్నారట?"

"నీ ధర నేను ఎప్పుడూ అడగలేదే."

"అడగాల్సింది. ఇంత చవగ్గా వచ్చేదాన్ని కాదు" అంటూ మిరపకాయలు అందుకుంది. వంటింట్లోకి పోయాక ఆవిడ ఒక్కతే నవ్వుకోవడం వినిపించింది. చాలా కాలానికి విన్న నవ్వు. విన్నాక అతను నట్టింట్లో కూర్చుని కాసేపు ఏడ్చాడు. అది అమ్మకానికి పెట్టేది కాదు కనుక ఫరవాలేదనుకున్నాడు.

కథ ఇక్కడ ఆగితే అందరికీ బాగుండేది. సాయంత్రం మల్లేశ్వరరావు వచ్చాడు.

"ఇదేం పని మావయ్యా? రేవులో అరుపులేంటి? బజారంతా నన్ను చూసి నవ్వుతున్నారు."

"నవ్వింది నన్నురా. నువ్వక్కడ లేవు."

"మనకి తిండి లేకనా?"

"తిండి ఉంది. అరగడం లేదు."

"నీకు తమాషాగా ఉంది. రేపు నాతో కండువా కప్పేవాడు ఏమనుకుంటాడు? వీడి మావ కాలవగట్టున పీలికలు అరిచి అమ్ముతాడనుకోడూ? రేవైనా మానుకో, నన్నైనా వదులుకో."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు ఉంది కుర్రాడి బాధ. వాడి లెక్క వాడికి సరైనదే. ఆ లెక్క నేర్పింది తనే. అరిచేవాడు మనిషి కాడని వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పింది తనే. మార్కండేయులు భార్య వైపు చూశాడు. వెంకటరావమ్మ గడప దగ్గర నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. పెంచింది ఆవిడ.

"రేపు బందరు పడవ పెందరాళే వస్తుందిరా. నేను పోవాలి" అన్నాడు చివరికి.

మల్లేశ్వరరావు గవర్నరుపేటలో ఇల్లు తీసుకుని, భార్యాబిడ్డలతో వెళ్లిపోయాడు. దుకాణమూ అక్కడికే మారింది. తెగిన ముక్కలు మార్కండేయులు ఇక పెడన నేతగాళ్ల దగ్గరే కొనుక్కునేవాడు. పండగలకు మనిషి చేత బట్టలు పంపేవాడు, తాను రాలేదు. నవ్వుతూ ఉంటే పోయినవన్నీ తిరిగి వస్తాయనేవాళ్లు ఉంటారు. మార్కండేయులుకు ఏదీ తిరిగి రాలేదు. అయితే గోడకు తిరిగి పడుకున్న తండ్రికి కళ్లూ తిరిగి రాలేదు. రెండు దార్లూ ఒక ఊరికే పోయేటట్టయితే సుంకం తక్కువ ఉన్న దారిన పోవాలి. ఏడుపు దారిన సుంకం ఎక్కువ, పైగా అది ఇంట్లోవాళ్లు కట్టాలి.

ఒక పొద్దున పడవలోంచి జక్కయ్య దిగాడు. గోనె మీద కూర్చున్న మనిషిని చూశాడు. చూసి, ఎవరో పిలిచినట్టు అవతలికి తిరిగి నడిచిపోయాడు. మార్కండేయులు అప్పుడే చెప్పబోతున్న ధర గొంతులో ఆగింది. తర్వాత ఇంతకుముందుకంటే గట్టిగా అరిచాడు. జక్కయ్య వినాలని కాదు. తనకు తాను వినపడాలని.

స్వతంత్రం వచ్చిన ఏడాది కాలికి పుండు పడింది. నొప్పి తెలియదు కనుక పుండూ తెలియలేదు. తెలిసేసరికి ఆసుపత్రిలో రెండు కాలి వేళ్లు తీసేశారు. ఆ మంచం మీద మళ్లీ పాత ముసలాయన పైకి లేచాడు: పచ్చడిలో ఉప్పు, కళ్లలో వెలుగు. ఇంటికి వచ్చాక వెంకటరావమ్మ మూట తెచ్చి మంచం పక్కన పెట్టి వెళ్లింది. దాని వైపు చూడకుండా కొన్నాళ్లు గడిపాడు. ఎదురు చూసి చూసి ఆవిడే ఒకనాడు మూట నెత్తికెత్తుకుంది.

"ఎక్కడికి?"

"రేవుకి. ఎవరో ఒకరు పోవాలిగా."

"నీకు ధర చెప్పడం రాదు. మొదటి మాటకే ఇచ్చేస్తావు. దించు" అని కర్ర అందుకున్నాడు.

రేవులో పడవవాళ్లు చూశారు. "ఏం తాతా, వేళ్లు ఎక్కడ తాకట్టు పెట్టొచ్చావు?"

"బేరానికి పనికిరానివిరా. వదిలేశా."

ఎవరో పెద్దమనిషి పక్కనుంచి, "నీది అదృష్టమయ్యా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటావు" అన్నాడు. మార్కండేయులుకు ఒళ్లు మండింది. "పుట్టుకతో వచ్చింది కాదండి, రోజూ కొంటున్నది. నిన్నటిది ఇవాళకి పనికిరాదు, కరివేపాకులాగ. తెల్లారి లేచి మళ్లీ కొనాలి. కొన్ని రోజులు మహా పిరెం" అన్నాడు. పెద్దమనిషికి అర్థం కాలేదు. ముక్క కొనకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు మార్కండేయులుకు అరవై దాటింది. లెక్క చూస్తే పోయినవే ఎక్కువ. బజారులో పేరు పోయింది. పెంచినవాడు పోయాడు. ఒళ్లు కొంచెం కొంచెంగా పోతోంది, ఇంకా పోతుంది. వచ్చినవి కొద్ది. పొద్దున్న లేచి వెళ్లడానికి ఒక చోటు. అతని మొదటి ధరకు ఒక్కసారీ ఒప్పుకోని దానమ్మ. ఇంటికి రాగానే, "ఇవాళ ఎంతకు మోసపోయారు?" అని పీట వాల్చుకుని కూర్చునే భార్య. టోకు రోజుల్లో ఆవిడ అట్లా అడిగింది లేదు, అతను చెప్పిందీ లేదు. ఇవన్నీ కలిపి ఒక పళ్లెంలో పెట్టినా పోయినవాటికి సరితూగవు. తూగుతాయని అతను ఎవరితోనూ అబద్ధమాడలేదు. నష్టాల వ్యాపారమే. కాని రేపు చెయ్యడానికి ఒక బేరం ఉంది. లాభం అంతవరకు.